కాగితంపై 28.. దారిపై ఎంత?

* హైబ్రిడ్ కార్ల మైలేజీపై డెల్టాలో ఆసక్తి
* పట్టణంలో లాభం.. హైవేపై అంతంతమాత్రం
* లెక్క చూడకుండా కొంటే అదనపు సొమ్ము తిరిగి రావడం కష్టమే

రాజమహేంద్రవరం: కారు కొనబోయేవారు గోదావరి జిల్లాల్లో ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే. బండి లీటరుకు ఎంత ఇస్తుంది? ప్రశ్న పాతదే అయినా దానికి వచ్చే జవాబు కొన్నేళ్లుగా మారింది. ఒకప్పుడు ఈ ప్రశ్నకు డీజిలు కారే సమాధానం. బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చిన 2020 ఏప్రిల్ నుంచి మారుతీ సుజుకి డీజిలు కార్ల తయారీని నిలిపివేసింది. చిన్న, మధ్య తరహా కార్లలో డీజిలు రకాలు తగ్గిపోయాయి. ఆ ఖాళీలోకి హైబ్రిడ్ వచ్చింది. 2022 మే నెలలో హోండా సిటీ, అదే ఏడాది సెప్టెంబరులో మారుతీ గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, ఏడాది చివర ఇన్నోవా హైక్రాస్ విపణిలోకి అడుగుపెట్టాయి. గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్ రకాలకు ప్రకటించిన మైలేజీ లీటరుకు 27.97 కి.మీ. మామూలు కారుతో 15 కి.మీ. దాటితే చాలనుకునే కుటుంబానికి ఈ అంకె ఆశ పుట్టించడం సహజం.

అయితే ఆ అంకె పరీక్షశాలలో వచ్చింది. అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం వచ్చే దారిలో వచ్చింది కాదు. రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని అర్థం చేసుకోకుండా లక్షల రూపాయలు అదనంగా చెల్లిస్తే ఆ భారం వాయిదాల రూపంలో ఏళ్ల తరబడి వెంటాడుతుంది. వరి, కొబ్బరి, రొయ్య.. దేని ధర ఎప్పుడు పడిపోతుందో తెలియని డెల్టాలో ఇది చిన్న విషయం కాదు.

పరీక్షశాలలో ఇలా..

దేశంలో కార్ల మైలేజీని ధ్రువీకరించే సంస్థల్లో పుణెలోని ఏఆర్ఏఐ ప్రధానమైనది. అక్కడ కారును రోడ్డుపై నడపరు. చక్రాల కింద రోలర్లు తిరిగే యంత్రంపై నిలిపి, నిర్ణీత పద్ధతిలో వేగం పెంచుతూ తగ్గిస్తూ సుమారు 20 నిమిషాలు నడిపిస్తారు. ఈ పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 90 కి.మీ. మాత్రమే. సగటు వేగం 30 కి.మీ.కి కాస్త ఎక్కువ. ఏసీ వేయరు. ఎదురుగాలి ఉండదు. కారులో ఐదుగురు మనుషులు, వెనుక సామాను, పైన కొబ్బరి బస్తా ఉండవు. అన్ని కార్లనూ ఒకే కొలబద్దతో పోల్చడానికి ఈ పద్ధతి పనికొస్తుంది. కొన్నవారికి అంతే మైలేజీ వస్తుందన్న హామీ మాత్రం అందులో లేదు.

ఈ తేడా మన దేశానికే పరిమితం కాదు. హైబ్రిడ్ కార్లకు ఆద్యురాలైన టయోటా ప్రియస్ 1997లో జపాన్‌లో విడుదలైంది. అమెరికాలో 2004 నాటి ప్రియస్‌కు అక్కడి పర్యావరణ సంస్థ గ్యాలనుకు పట్టణంలో 60 మైళ్లు, హైవేపై 51 మైళ్లుగా లెక్కకట్టింది. అంత రావడం లేదన్న విమర్శలు పెరగడంతో ఏసీ వాడకం, అధిక వేగం, చలి వాతావరణాన్ని కూడా పరీక్షలో చేర్చి 2008 నుంచి కొత్త లెక్క తెచ్చారు. అదే కారుకు ఆ అంకెలు 48, 45 మైళ్లకు దిగివచ్చాయి. మన లెక్కలో చెప్పాలంటే పట్టణ మైలేజీ లీటరుకు 25.5 కి.మీ. నుంచి 20.4 కి.మీ.కి తగ్గింది. కారు మారలేదు, ఇంజిను మారలేదు. మారింది కొలత ఒక్కటే. ఐరోపాలోనూ కార్లలో నమోదైన వాస్తవ వినియోగాన్ని పరిశీలించిన ఐరోపా కమిషన్, పెట్రోలు, డీజిలు కార్లు ప్రకటించిన దానికన్నా సుమారు 20 శాతం ఎక్కువ ఇంధనం తాగుతున్నాయని 2024లో వెల్లడించింది. ఇంటి వద్ద ఛార్జింగు పెట్టుకునే ప్లగిన్ హైబ్రిడ్లలో ఈ తేడా మూడున్నర రెట్లుగా తేలింది. వాటిని కొన్నవారిలో చాలామంది అనుకున్నంతగా ఛార్జింగు పెట్టకపోవడమే దీనికి ముఖ్య కారణం.

ఆదా ఎక్కడి నుంచి వస్తుంది?

హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజినుతో పాటు విద్యుత్ మోటారు, ఒక చిన్న బ్యాటరీ ఉంటాయి. దీనిని ఇంట్లో ఛార్జింగు పెట్టాల్సిన పని లేదు. బండిలోకి వచ్చే శక్తి అంతా పెట్రోలు నుంచే. మరి ఆదా ఎలా సాధ్యమన్న సందేహం రావచ్చు. మామూలు కారులో బ్రేకు వేసిన ప్రతిసారీ బండి వేగం వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్ కారులో మోటారు జనరేటరులా పనిచేసి ఆ శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీకి పంపుతుంది. మళ్లీ కదిలేటప్పుడు ఆ కరెంటే బండిని లాగుతుంది. సిగ్నలు వద్ద, రైల్వే గేటు వద్ద ఇంజిను ఆగిపోతుంది. ఇంజిను తిరిగేటప్పుడు కూడా తక్కువ పెట్రోలుతో ఎక్కువ పని జరిగే స్థితిలోనే ఎక్కువసేపు తిరిగేలా మోటారు సాయపడుతుంది.

అంటే ఎన్నిసార్లు ఆగితే, ఎంత నిదానంగా సాగితే హైబ్రిడ్‌కు అంత అవకాశం. గంటకు 100 కి.మీ. వేగంతో ఆగకుండా దూసుకుపోయే చోట బ్రేకు నుంచి తీసుకునేది ఏమీ ఉండదు. పైగా గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఈ రెండు కారణాల వల్లే మామూలు కారు హైవేపై మెరుగ్గా, ఊళ్లో తక్కువగా మైలేజీ ఇస్తే, హైబ్రిడ్ విషయంలో చాలాసార్లు ఇది తలకిందులవుతుంది.

డెల్టా దారుల్లో..

ఈ సూత్రాన్ని గోదావరి జిల్లాల రోడ్లకు అన్వయిస్తే చిత్రం స్పష్టమవుతుంది. రాజమహేంద్రవరంలో కోటగుమ్మం, దేవీచౌక్ పరిసరాలు, కాకినాడ మెయిన్‌రోడ్డు, భీమవరం, తాడేపల్లిగూడెం పట్టణ వీధుల్లో బండి కదిలేది తక్కువ, ఆగేది ఎక్కువ. ఇక్కడ హైబ్రిడ్ తన సత్తా చూపుతుంది. కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు మీదుగా కాకినాడ వైపు సాగే కెనాల్ రోడ్డు, కోనసీమలోని కాలువ గట్ల దారులు కూడా దానికి అనుకూలమే. ఇరుకు రోడ్డు, ఊరూరా స్పీడు బ్రేకర్లు, కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్లు.. 40 నుంచి 50 కి.మీ. వేగం దాటడమే అరుదు. డెల్టా నేల బల్లపరుపుగా ఉండటంతో ఎత్తు ఎక్కే శ్రమా తక్కువే.

16వ నంబరు జాతీయ రహదారి కథ వేరు. తుని, జగ్గంపేట, రాజమహేంద్రవరం, రావులపాలెం, తణుకు, ఏలూరు మీదుగా విజయవాడ, అక్కడి నుంచి హైదరాబాద్ వెళ్లివచ్చే వారికి దారి పొడవునా అధిక వేగమే. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి భీమవరం పరిసరాలకు వచ్చే కారు టోల్‌గేట్ల వద్ద రద్దీలో పొదుపు చేసినదాన్ని ఆ తర్వాత హైవేపై ఖర్చు చేస్తుంది. కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా సాగే 216వ నంబరు రహదారి ఈ రెండింటికీ మధ్యస్థం.

ఎండ మరో అంశం. మే నెలలో ఉక్కపోత, 40 డిగ్రీలు దాటే ఉష్ణోగ్రతల మధ్య ఏసీ లేకుండా కారు నడపలేని పరిస్థితి. హైబ్రిడ్ కారులో ఏసీ విద్యుత్తుతో నడుస్తుంది కనుక ఇంజిను ఆగినా చల్లదనం ఆగదు. అయితే ఆ కరెంటు కూడా పెట్రోలు పుణ్యమే. ఆసుపత్రి ముందో, కల్యాణ మండపం ముందో ఏసీ వేసి గంటసేపు నిలిపితే బ్యాటరీ తరిగినప్పుడల్లా ఇంజిను లేచి తిరుగుతూనే ఉంటుంది. బండి కదలకుండానే పెట్రోలు తగ్గుతుంది.

లెక్క ఇదీ..

ఒకే తరహా సౌకర్యాలున్న పెట్రోలు, హైబ్రిడ్ రకాల మధ్య ధరలో తేడా రెండున్నర లక్షల రూపాయలు అనుకుందాం. పెట్రోలు లీటరు 110 రూపాయలుగా తీసుకుందాం. అప్పుడు అదనంగా పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి ఎంత దూరం నడపాలి?

పట్టణంలోనే తిరిగే కారును తీసుకుంటే.. హైబ్రిడ్ లీటరుకు 24 కి.మీ., మామూలు కారు 12 కి.మీ. ఇస్తాయనుకుంటే ప్రతి 100 కి.మీ.కి 4.17 లీటర్లు మిగులుతాయి. అంటే 458 రూపాయలు. సుమారు 55 వేల కి.మీ. తిరిగితే పెట్టుబడి వచ్చేస్తుంది.

ఊరు, హైవే కలిసిన ప్రయాణమైతే.. 22, 15 కి.మీ. చొప్పున లెక్కిస్తే ఆదా 100 కి.మీ.కి 2.12 లీటర్లు, 233 రూపాయలు. పెట్టుబడి తిరిగి రావడానికి 1.07 లక్షల కి.మీ. నడపాలి.

ఎక్కువగా హైవేపైనే అయితే.. 20, 17 కి.మీ. లెక్కన మిగిలేది 0.88 లీటరు, 97 రూపాయలు మాత్రమే. సుమారు 2.58 లక్షల కి.మీ. తిరిగితే తప్ప తేడా సొమ్ము రాదు.

ఇక్కడే బ్యాటరీ ప్రశ్న ముందుకొస్తుంది. మారుతీ, టయోటా సంస్థలు హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.60 లక్షల కి.మీ. వరకు.. ఏది ముందైతే దానికి వారంటీ ఇస్తున్నాయి. హైవే లెక్కలో పెట్టుబడి తిరిగి వచ్చేలోపే ఆ గడువు దాటిపోతుంది. ఏడాదికి 12 వేల కి.మీ. తిరిగే సాధారణ కుటుంబానికి మధ్యస్థ లెక్కలో కూడా దాదాపు 9 ఏళ్లు పడుతుంది. అదే అమలాపురం నుంచి రాజమహేంద్రవరానికి వారంలో నాలుగైదు రోజులు వెళ్లివచ్చే ఉద్యోగి ఏడాదికి 30 వేల కి.మీ. తిరిగితే మూడున్నరేళ్లలో ఒడ్డున పడతారు. బండి ఒక్కటే అయినా ఒకరికి లాభం, మరొకరికి భారం. నిర్ణయించేది ప్రకటనలోని అంకె కాదు, కొనేవారి దినచర్య. అప్పు చేసి కొంటే అదనపు సొమ్ముపై వడ్డీని కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి.

లీటరుకు ఎన్ని కి.మీ. అన్న కొలమానం కూడా కొంత మభ్యపెడుతుంది. మైలేజీ 10 నుంచి 15కు పెరిగితే 100 కి.మీ.కి 3.33 లీటర్లు ఆదా. 20 నుంచి 28కి పెరిగితే ఆదా 1.43 లీటర్లే. పెరిగిన అంకె పెద్దదిగా కనిపించినా మిగిలే పెట్రోలు సగం కూడా లేదు. అందుకే 100 కి.మీ.కి ఎన్ని లీటర్లు తాగుతుందన్న లెక్కే జేబుకు దగ్గర.

పేరులో ఏముంది?

కొనుగోలుదారులు గమనించాల్సిన మరో విషయం హైబ్రిడ్ అన్న మాటే. మైల్డ్ హైబ్రిడ్, స్ట్రాంగ్ హైబ్రిడ్ అని రెండు రకాలున్నాయి. మైల్డ్ హైబ్రిడ్‌లో చిన్న మోటారు ఇంజినుకు కాస్త చేయూతనిస్తుందే తప్ప బండిని ఒంటరిగా నడపలేదు. గ్రాండ్ విటారానే తీసుకుంటే విడుదల నాటి మైల్డ్ హైబ్రిడ్ మాన్యువల్ రకానికి ప్రకటించిన మైలేజీ 21.11 కి.మీ. స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 27.97 కి.మీ. విద్యుత్ వాహనాల ప్రోత్సాహక పథకం కింద మైల్డ్ హైబ్రిడ్లకు ఇచ్చిన రాయితీని కేంద్రం 2017 ఏప్రిల్ నుంచే ఉపసంహరించింది. వెనుక అద్దం కింద అతికించిన హైబ్రిడ్ అన్న అక్షరాలను చూసి కాకుండా, ఇంజిను ఆగి మోటారుతోనే బండి కదులుతుందా అని అడిగి తెలుసుకోవడం మేలు.

పన్నుల్లోనూ మార్పు వచ్చింది. 2025 సెప్టెంబరు 22కు ముందు ఈ తరహా స్ట్రాంగ్ హైబ్రిడ్లపై జీఎస్టీ, సెస్సు కలిపి 43 శాతం, అదే పరిమాణంలోని పెట్రోలు కార్లపై 45 శాతం ఉండేది. కొత్త విధానంలో రెండూ 40 శాతానికి వచ్చాయి. ధరలు తగ్గినా, పెట్రోలు కారుతో పోల్చితే హైబ్రిడ్‌కు ఉన్న ఆ కాస్త వెసులుబాటు పోయింది. పూర్తి విద్యుత్ కార్లపై పన్ను 5 శాతమే.

కంపెనీలు హైబ్రిడ్లను ముందుకు తేవడానికి మరో కారణమూ ఉంది. ఒక్కో సంస్థ అమ్మే కార్లన్నింటి సగటు ఉద్గారాలు పరిమితి దాటకూడదన్న నిబంధన 2017 నుంచి అమల్లో ఉంది. 2022 నుంచి దాన్ని మరింత బిగించారు. ఆ సగటును లెక్కించేది పరీక్షశాల అంకెలతోనే. కంపెనీకి 27.97 అన్నది ఎంతో విలువైన అంకె. కొన్నవారికి విలువైనది బంకులో కట్టే బిల్లు.

పెట్రోలూ మారింది..

ట్యాంకులో పోసే పెట్రోలు కూడా మునుపటిది కాదు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలును ప్రధాని 2023 ఫిబ్రవరిలో ప్రారంభించగా, 2025 నాటికి దేశమంతటా అదే సరఫరా అవుతోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ. ఆ మేరకు మైలేజీ తగ్గడం ప్రకృతి ధర్మం. పాత పెట్రోలుకు తయారైన కార్లలో 6 నుంచి 7 శాతం వరకు తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే పేర్కొంది. ఈ20కి అనుగుణంగా సర్దిన కార్లలో తగ్గుదల 1 నుంచి 2 శాతం ఉంటుందని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో వివరణ ఇచ్చింది. ఈ20ని సవాలు చేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు ఆ ఏడాది సెప్టెంబరు 1న కొట్టివేసింది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన హైబ్రిడ్లకు ఇంజిను పాడవుతుందన్న బెంగ అక్కర్లేదు. కానీ పాత మైలేజీతో పోల్చుకునేటప్పుడు ఈ తరుగుదలను మరువరాదు.

ఈ విషయంలో డెల్టాది విచిత్ర పరిస్థితి. ఇథనాల్ తయారీకి నూకలు, మొక్కజొన్న, భారత ఆహార సంస్థ బియ్యం వాడుతున్నారు. గోకవరం మండలం గుమ్మళ్లదొడ్డిలో బయో ఇథనాల్ కర్మాగారానికి 2022 నవంబరులో శంకుస్థాపన జరిగింది. కాకినాడ తీరంలోని కేజీ-డీ6 క్షేత్రం నుంచి 2009లోనే గ్యాసు గుజరాత్ దాకా వెళ్లింది. ఓఎన్‌జీసీ లోతు సముద్ర క్షేత్రం నుంచి 2024 జనవరిలో చమురు వెలికితీత మొదలైంది. ఇంధనానికి ధాన్యం, గ్యాసు, చమురు ఇస్తున్న ఈ ప్రాంతంలోనే పెట్రోలు ధర దేశంలో ఎక్కువగా ఉన్న చోట్లలో ఒకటి. రాష్ట్రంలో పెట్రోలుపై 31 శాతం వ్యాట్‌తో పాటు లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, రూపాయి రోడ్డు సెస్సు విధించారు. పుదుచ్చేరి పాలనలోని యానాంలో ధర లీటరుకు 10 రూపాయలకు పైగా తక్కువ ఉండటంతో కాకినాడ, కోనసీమ వాసులు అటు వెళ్లినప్పుడల్లా ట్యాంకు నింపుకోవడం ఏళ్లుగా చూస్తున్నదే. కొందరికి హైబ్రిడ్ టెక్నాలజీ కన్నా యానాం బంకే దగ్గరి దారిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అయితే చౌక పెట్రోలు కోసమే ప్రత్యేకంగా 40 కి.మీ. వెళ్లివస్తే మిగిలేది పెద్దగా ఉండదు.

ఇలా కొలుచుకోవాలి..

కారు తెరపై కనిపించే సగటు కొంత ఆశావహంగా ఉండవచ్చు. నిజమైన లెక్క ట్యాంకు నుంచి ట్యాంకుకు చూసుకోవడమే. ఒక బంకులో గొట్టం దానంతట అదే ఆగేవరకు పెట్రోలు నింపించి కి.మీ. అంకె రాసుకోవాలి. కనీసం 300 కి.మీ. తిరిగాక అదే బంకులో అదే తీరులో నింపించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించాలి. ఒక్కసారి చూసి తీర్పు ఇవ్వకుండా నాలుగైదు ట్యాంకుల సగటు తీసుకోవాలి. వేసవిలో ఒకసారి, శీతకాలంలో ఒకసారి చూస్తే ఏసీ ఖర్చు తెలుస్తుంది.

నడిపే తీరుతోనూ తేడా వస్తుంది. ముందున్న వాహనాన్ని గమనించి దూరం నుంచే మెల్లగా బ్రేకు నొక్కితే ఎక్కువ శక్తి బ్యాటరీకి చేరుతుంది. చివరి క్షణంలో గట్టిగా తొక్కితే బ్రేకు ప్యాడ్ల వేడిగా పోతుంది. హైవేపై 100 బదులు 80 కి.మీ. వేగంతో వెళితే మైలేజీలో మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. టైర్లలో గాలి తగ్గకుండా చూసుకోవాలి. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లబరిచే గాలిమార్గం వెనుక సీటు పరిసరాల్లో ఉంటుంది. దానికి సంచులు అడ్డుపెట్టకూడదు.

వరద కాలంలో మరింత జాగ్రత్త అవసరం. గోదావరి పొంగితే లంక గ్రామాల కాజ్‌వేలు మునగడం ఏటా జరిగేదే. నీట మునిగిన హైబ్రిడ్ కారును స్టార్టు చేయడం, నారింజ రంగు తీగలను తాకడం ప్రమాదకరం. శిక్షణ పొందిన మెకానిక్ వచ్చేవరకు ఆగాలి.

ఎవరికి మేలు?

పట్టణంలో ఎక్కువ తిరిగేవారికి, ఏడాదికి 20 వేల కి.మీ. దాటేవారికి, కారును ఏడెనిమిదేళ్లు ఉంచుకోదలచిన వారికి హైబ్రిడ్ తగినదే. పెళ్లిళ్లకు, పండుగలకు, ఏడాదికి రెండుసార్లు తిరుపతి యాత్రకు మాత్రమే బండి తీసే ఇంటికి పెట్రోలు రకం చాలు. మిగిలిన రెండున్నర లక్షలు కొన్నేళ్ల పెట్రోలు ఖర్చుకు సరిపోతాయి. పొగ తగ్గడం, నిశ్శబ్దం, గేర్లు మార్చే పని లేకపోవడం వంటి సౌకర్యాలకు విలువ ఇచ్చేవారు అది తమ ఇష్టం కోసం పెడుతున్న ఖర్చని తెలిసి పెట్టాలి.

ఏసీ వేసి, హైవే వేగంతో పరీక్షించిన మైలేజీని కూడా ప్రకటించేలా నిబంధన వస్తే కొనేవారికి ఇన్ని లెక్కల అవసరం ఉండదు. అమెరికా ఆ పని 2008లోనే చేసింది. అంతవరకు షోరూముకు వెళ్లేముందు గత ఏడాది ఎన్ని కి.మీ. తిరిగారో, అందులో హైవే ఎంతో, ఊరు ఎంతో ఒక కాగితంపై రాసుకోవడమే డెల్టా కొనుగోలుదారులకు మిగిలిన ఉపాయం.